గుమాస్తా లేని మిల్లు, ముప్పై డిస్కులు

2016 సంక్రాంతి. భోగి మంట దగ్గర నిలబడి విరిగిన కుర్చీ కాలొకటి మంటలో వేస్తున్నా, ఆఫీస్ నుంచి ఫోన్. "అన్నా, స్టోరేజ్ డబ్బా కూస్తోంది" అన్నాడు ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్రాడు. కూయడం అంటే నిజంగా కూయడమే, రెయిడ్ కార్డు మీద, అంటే చాలా డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా నడిపించే కార్డు మీద, చిన్న బజర్ ఉంటుంది, డిస్కు పోయిందంటే చాలు ఎవరో ఒకరు వచ్చి నోరు మూయించేదాకా అరుస్తూనే ఉంటుంది. "ఏం కాదులేరా, హాట్ స్పేర్ ఉందిగా, దానంతటదే రీబిల్డ్ అయిపోద్ది, బజర్ ఆపేసి నీ పని చూస్కో" అని చెప్పి మళ్ళీ మంట దగ్గరికెళ్ళా. ఎనిమిది డిస్కులు, ఒక్కోటి 4 టీబీ, రెయిడ్ 5, ఏదన్నా పోతే దాని చోటుకి రావడానికి పక్కన ఒక స్పేరు. అంతకు ముందు రెండుసార్లు డిస్కు పోయింది, రెండుసార్లూ దానంతటదే బాగయింది, అందుకే నాకేం భయం వెయ్యలేదు.

మర్నాడు పండగ పూట అరిసె నోట్లో పెట్టుకునే టైమ్‌కి మళ్ళీ ఫోన్. రీబిల్డ్ 71 శాతం దగ్గర ఉండగా ఇంకో డిస్కు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. రెయిడ్ 5 ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండు పోతే ఇక అంతే సంగతులు, మిగతా ఆరూ నిక్షేపంలా ఉన్నా వాటిలో ఉన్నది అతుకు కుదరని ముక్కలే. అమ్మ మొహం చూడకుండా బ్యాగ్ సర్దుకున్నా. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా వైపొచ్చే బస్సుల్లో నిలబడటానికి కూడా చోటుండదు కదా, నేనెక్కింది ఎదురు దిక్కు బస్సు, డ్రైవర్‌తో కలిపి ఆరుగురం. టేపు మీదున్న బ్యాకప్ తెచ్చుకుని మూడు రోజులు కూర్చుని లేపాం, ఒకటిన్నర రోజు ఎంట్రీలు మాత్రం పోయాయి, అకౌంట్స్ వాళ్ళు కాయితాలు చూసి మళ్ళీ కొట్టారు. వాళ్ళు నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది.

ఆ ఉగాదికి ఊరెళ్ళినప్పుడు మా బావ అడిగాడు, అసలేమైంది బామ్మర్దీ ఆ రోజు అని. బావకి రైస్ మిల్లుంది, కంప్యూటర్ గోల పెద్దగా తెలీదు గానీ లెక్కల మనిషి. అందుకని లెక్కలోనే చెప్పా. ఏడుగురు మనుషులున్నారు బావా, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అంకె ఉంది, ఎనిమిదోవాడి దగ్గర ఆ ఏడింటి మొత్తం ఉంది, ఎవడన్నా ఒకడు పోయాడనుకోండి, మొత్తంలోంచి మిగతా ఆరుగురివీ తీసేస్తే పోయినవాడి అంకె వచ్చేస్తుంది, ఇద్దరు పోతే మాత్రం రాదు. (నిజానికి అది కూడిక కాదు, ఎక్స్‌ఆర్, పైగా ఆ మొత్తం ఒకడి దగ్గరే ఉండదు, వంతులవారీగా అన్ని డిస్కుల మీదా తిరుగుతుంది. అదంతా బావకి చెప్పలేదు.)

"బానే ఉంది. మరి ఆ తీసివేతలన్నీ ఎవరు చేస్తారు?"

"దానికో కార్డు ఉంటది బావా, కంట్రోలర్ అంటారు."

"అంటే గుమాస్తా."

"ఆ, అంతే అనుకోండి."

"గుమాస్తా పోతే?"

నా దగ్గర జవాబుంది గానీ చెప్పడానికి సిగ్గేసింది. కార్డు పోతే అదే కంపెనీది, కుదిరితే అదే మోడల్ ఇంకోటి వెతికి తెచ్చుకోవాలి, ఎందుకంటే డిస్కుల మీద ఏ ముక్క ఎక్కడుందో ఆ రాత దానికే అర్థమవుతుంది. బావ నవ్వాడు. వాళ్ళ మిల్లు గుమాస్తా ఒకసారి నెల్లాళ్ళు మంచాన పడితే ఏ బస్తా ఎవరిదో తేల్చలేక రైతులతో నానా మాటలూ పడ్డాడట.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటిదాకా నేను ఆలోచించేదంతా కాపీ ఎక్కడుంది, ఎన్నున్నాయి అనే. కాపాడే పని ఎవరు చేస్తున్నారు అని ఎప్పుడూ అడగలేదు. మా డబ్బాలో ఏడు డిస్కులు చదువుతుంటే, లెక్క కట్టేది ఒక్క కార్డు, రాసుకునేది ఒక్క స్పేరు డిస్కు. 4 టీబీ డిస్కుని సెకనుకి 150 ఎంబీ చొప్పున ఏకధాటిగా రాసినా ఏడున్నర గంటలు, ఇంకోపక్క ఆఫీస్ పని కూడా నడుస్తుంటే అది ఇరవై ముప్పై గంటలకి సాగుతుంది, అంతసేపూ ఒకే రోజు కొన్న, ఒకే బ్యాచ్‌లో తయారైన, ఒకేలా ముసలైన ఏడు డిస్కుల చేత మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా చదివిస్తాం. మూలిగే నక్క మీద తాటిపండు పడేసి, నక్క చచ్చిందేంటి అనుకోవడం. మామూలు డిస్కుల స్పెక్ షీట్‌లో 10 పవర్ 14 బిట్లకి ఒకటి చదవలేకపోవచ్చు అని రాసి ఉంటుంది, అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి, మేము చదివించింది 28 టీబీ. వాడకంలో డిస్కులు అంతకన్నా బాగానే చదువుతాయి లెండి, కానీ ఆ లెక్క ముందే చూసుంటే భోగి రోజున నేనంత ధీమాగా మాట్లాడేవాణ్ణి కాదు.

రెయిడ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ పేపర్ రాసేటప్పటికి సమస్య వేరు, ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడొచ్చని చెప్పడం వాళ్ళ పని. రెయిడ్‌లో 'ఐ' అంటే మొదట ఇనెక్స్‌పెన్సివే, అమ్మేవాళ్ళకి చవక అనే మాట నచ్చక కాబోలు తర్వాత ఇండిపెండెంట్ అయింది. నాకు ముచ్చటేసింది ఇంకోటి, ఆ ముగ్గురిలో గార్త్ గిబ్సన్ ఉన్నాడే, ఆయనే తర్వాత కార్నెగీ మెలన్‌కి వెళ్ళి డిస్కుల్నే తిన్నగా నెట్‌వర్క్ మీద పెడితే ఎలా ఉంటుంది, మధ్యలో ఈ పెద్దమనిషి సర్వర్ ఎందుకు అని పరిశోధన మొదలుపెట్టాడు, 1999లో పానాసస్ అని కంపెనీ కూడా పెట్టాడు. వాళ్ళ సిస్టంలో రెయిడ్ లెక్క కట్టేది కార్డు కాదు, ఫైల్ రాసే క్లయింట్ మెషీనే, ఎవరి ఫైల్‌కి వాళ్ళే పారిటీ, అంటే ఆ ఎనిమిదోవాడి మొత్తం, కట్టుకుని ముక్కల్ని డిస్కులకి పంచుతారు. గుమాస్తా కొలువు పెట్టించినవాళ్ళలో ఒకాయనే గుమాస్తాని తీసేసే దారి కూడా వెతికాడన్నమాట.

మేము చివరికి వెళ్ళింది చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజ్‌లా నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన సెఫ్‌కి. సేజ్ వైల్ అనే ఆయన శాంటా క్రజ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం మొదలుపెట్టింది, 2006లో పేపర్ వచ్చింది, 2014లో వాళ్ళ కంపెనీ ఇంక్‌ట్యాంక్‌ని రెడ్ హ్యాట్ సుమారు 175 మిలియన్ డాలర్లకి కొనుక్కుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఫ్రీ. పేరు సెఫలోపాడ్ నుంచి వచ్చింది, ఆక్టోపస్ జాతి. ఆక్టోపస్ నరకణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు తలలో కాదు చేతుల్లోనే ఉంటాయట, ఏ చేయి పని ఆ చేయే ఆలోచించుకుంటుంది. ఇంతకన్నా సరిపోయే పేరు నాకైతే తట్టదు.

మా మేనేజర్‌ని ఒప్పించడం ఇంకో కథ. అయిదు సర్వర్లు, సర్వర్‌కి ఆరు డిస్కులు, డిస్కు 8 టీబీ. "240 టీబీ కొని 80 వాడుకుంటామా, మిగతా 160 ఏం చేస్తావ్, ఊరగాయ పెడతావా" అన్నారు. మూడు కాపీలంటే అంతే సార్ అన్నా. రెండు చాలవా అన్నారు. అక్కడ మాత్రం నేను మొండికేశా. రెండు కాపీలుంటే, ఒకటి పోయి ఇంకోటి తయారయ్యేదాకా ఒక్కటే మిగుల్తుంది, ఆ ఒక్కటే చదువుతూ ఉండగా అది కూడా దెబ్బ తింటే మళ్ళీ భోగి కథే. పైగా రెండిట్లో తేడా వస్తే ఏది నిజమో చెప్పడానికి మూడో సాక్షి లేడు.

ఇక అది పనిచేసే తీరు. మామూలుగా మనం ఊహించుకునేది ఏంటంటే ఏ ఫైల్ ముక్క ఏ డిస్కులో ఉందో ఎక్కడో ఒక పెద్ద రిజిస్టర్ ఉంటుంది, అందరూ వెళ్ళి దాన్ని చూసుకుంటారు అని. సెఫ్‌లో ఆ రిజిస్టర్ లేదు. మరెలా అంటే, పిల్లాడు పుడితే పుట్టిన టైమ్ చెప్తాం, పంతులుగారు నక్షత్రం, పాదం చూసి పేరు ఏ అక్షరంతో మొదలవ్వాలో చెప్తారు కదా. మా ఊరి పంతులుగారినడిగినా, తిరుపతిలో అడిగినా, అమెరికాలో గుడి పంతులుగారికి వాట్సాప్ చేసినా, చేతిలో ఒకే పంచాంగం ఉంటే వచ్చే అక్షరం ఒకటే, ఒకరికొకరు ఫోన్ చేసుకోనక్కర్లేదు. సెఫ్‌లో ఆ లెక్క పేరు క్రష్. ముక్క పేరుని హ్యాష్ చేస్తే, అంటే ఒక లెక్కతో నంబరుగా మారిస్తే, అది ఫలానా గుంపులో పడుతుంది, ఆ గుంపుని పీజీ అంటారు, మా దగ్గర అలాంటివి 1024. పీజీ నంబరునీ, ఏ సర్వర్లో ఏ డిస్కులున్నాయో చెప్పే క్లస్టర్ మ్యాప్‌నీ క్రష్‌కి ఇస్తే మూడు వేర్వేరు సర్వర్లలో మూడు డిస్కుల పేర్లు చెప్తుంది. క్లయింట్ ఈ లెక్క కట్టుకుంటుంది, డిస్కు పక్కన కూర్చున్న ప్రోగ్రాం కూడా ఇదే లెక్క కట్టుకుంటుంది, దాన్ని ఓఎస్‌డీ అంటారు, డిస్కుకొకటి. అందరికీ ఒకే జవాబు.

పంచాంగం మారితే? మారుతుంది, డిస్కు పోయినా వచ్చినా కొత్త మ్యాపు, దానికో నంబరు. ఆ మ్యాపుల్ని ఖరారు చెయ్యడానికి మాత్రం మానిటర్లని మూడో అయిదో ఉంటాయి, అవి పాక్సోస్ పద్ధతిలో ఓటేసుకుని మెజారిటీ ఏదంటే అది. మనకి ఏటా ఫలానా పండగ ఆదివారమా సోమవారమా అని సిద్ధాంతులు టీవీల్లో కొట్టుకోవడం, ప్రభుత్వం సెలవు మార్చడం చూస్తాం కదా, ఆ తంతు ఇక్కడ లేకుండా చూసుకోవడమే ఈ మానిటర్ల పని. డేటా వీటి గుండా పోదు, ఇది ముఖ్యం.

రాసేటప్పుడు క్లయింట్ ఆ ముగ్గురిలో మొదటివాడికి, అంటే ప్రైమరీకి, ఒక్కసారే ఇస్తుంది. మిగతా ఇద్దరికి పంపించి, ముగ్గురూ రాసేశాకే సరే అని చెప్పే బాధ్యత ప్రైమరీది. ఒక్కో పీజీకి ఒక్కో ప్రైమరీ, కాబట్టి ప్రతి డిస్కూ కొన్నింటికి పెద్ద, కొన్నింటికి తోడు.

ఎవడు బతికున్నాడో ఎవడు పోయాడో కూడా వాళ్ళే చూసుకుంటారు. ఓఎస్‌డీలు ఆరు సెకన్లకొకసారి ఒకరినొకరు పలకరించుకుంటాయి, ఇరవై సెకన్లు పలక్కపోతే వెళ్ళి మానిటర్‌కి చెప్తాయి, ఒకడు చెప్తే నమ్మరు, కనీసం రెండు వేర్వేరు సర్వర్ల నుంచి ఫిర్యాదు రావాలి. అప్పుడు ఆ డిస్కు డౌన్. ఇంకా పది నిమిషాలు ఆగుతారు, బతికొస్తాడేమో అని. రాకపోతే అవుట్. అవుట్ అవ్వగానే కొత్త మ్యాపు, అందరూ మళ్ళీ లెక్క కట్టుకుంటారు, ఆ డిస్కులో ఉన్న ఓ వంద పీజీలకి కొత్త చోటు ఎవరికి వారికే తెలిసిపోతుంది, ఏ పీజీకి ఎవడు ప్రైమరీనో వాడు మొదలుపెట్టేస్తాడు. పోయినవాడే ప్రైమరీ అయితే పక్కవాడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. "పదండి, మొదలుపెట్టండి" అని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బావ లెక్క వెయ్యండి. మా 8 టీబీ డిస్కు 60 శాతం నిండి ఉంది, అంటే 4.8 టీబీ. పాత పద్ధతిలో అయితే రెయిడ్ కార్డుకి ఏది నిండింది ఏది ఖాళీ అని తెలీదు, మొత్తం 8 టీబీ ఒక్క స్పేరు మీద రాయాల్సిందే, 150 ఎంబీ స్పీడ్‌కి దాదాపు 15 గంటలు, అదీ ఏ ఆటంకం లేకుండా. ఇక్కడ 4.8 టీబీని మిగతా 29 మంది పంచుకుంటారు, తలా సుమారు 165 జీబీ. తీరిగ్గా సెకనుకి 30 ఎంబీ చొప్పున రాసినా గంటన్నర. అదే 300 డిస్కుల క్లస్టర్ అయితే తలా 16 జీబీ. పెద్దదయ్యే కొద్దీ బాగవడం తొందరవుతుంది, రెయిడ్‌లో డిస్కు పెద్దదయ్యే కొద్దీ ఆలస్యమవుతుంది. నాకు ఇది అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, నిజం. స్పేరు డిస్కు అని వేరే ఒకటి ఖాళీగా కూర్చోపెట్టే పద్ధతే లేదు, ఖాళీ అందరి దగ్గరా కొంచెం కొంచెం ఉంటుంది.

మాది లెక్కలో వచ్చినంత వేగంగా ఏమీ కాలేదు, మొదటిసారి మూడున్నర గంటలు పట్టింది, ఎందుకంటే డిఫాల్ట్‌గా ఒక్కో ఓఎస్‌డీ ఒకసారికి కాపీ నింపే పని ఒక్కటే, అంటే ఒక్క బ్యాక్‌ఫిల్లే తీసుకుంటుంది, మామూలు పనికి అడ్డం రాకూడదని. దాన్ని పెంచొచ్చు. నేను పెంచి చూశా, యూజర్లు ఫోన్ చేశారు, తగ్గించేశా.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ ఎక్కువ చెప్పరు. ఇంతలా చిలకరిస్తే ఒకేసారి మూడు పోయినప్పుడు దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. మా అయిదు సర్వర్లలో వేర్వేరు సర్వర్ల నుంచి మూడేసి డిస్కులు ఎంచితే 2160 రకాలుగా ఎంచొచ్చు, 1024 పీజీలు వాటిలో మూడో వంతుకి పైనే ఆక్రమించేస్తాయి, అంటే మూడు వేర్వేరు సర్వర్లలో ఒక్కో డిస్కు ఒకే క్షణంలో పోతే ఏదో ఒక పీజీ పూర్తిగా గల్లంతయ్యే అవకాశం మూడింట ఒకటి కన్నా ఎక్కువ. పోయేది తక్కువే, వెయ్యిలో ఒక వంతు, కానీ వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌లోనే నడిచే కంప్యూటర్) డిస్కు 4 ఎంబీ ముక్కలై అన్ని పీజీల్లో పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ వెయ్యో వంతు దాదాపు ప్రతి మెషీన్‌కీ చిల్లు పెడుతుంది. మొత్తం మీద లాభం ఎందుకంటే, మూడు ఒకే క్షణంలో పోవడం అరుదు, ఒకదాని తర్వాత ఒకటి పోవడమే మామూలు, ఆ మధ్య గ్యాప్ గంటల్లోకి దిగిపోయింది. కరెంటు పోతే మాత్రం ఒకే క్షణంలో పోతాయి, అందుకే ఒకే యూపీఎస్ మీద అయిదు సర్వర్లూ పెట్టొద్దని మా ఎలక్ట్రీషియన్‌తో నాలుగు రోజులు గొడవపడ్డా.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలిగా. మొదటి నెల్లో ప్యాచ్ వెయ్యడానికి ఒక సర్వర్ రీబూట్ చేసి చాయ్‌కి వెళ్ళా. ఆ సర్వర్ బూట్ అయ్యేటప్పుడు మెమరీ మొత్తం తీరుబడిగా చెక్ చేసుకుంటుంది, పావుగంట. పది నిమిషాల గడువని ఇందాక చెప్పానే, అది దాటేసింది, మిగతా నాలుగు సర్వర్లూ పాపం ఆరు డిస్కులు చచ్చిపోయాయనుకుని దాదాపు 29 టీబీ కాపీలు తయారుచెయ్యడం మొదలుపెట్టాయి. తిరిగొచ్చేసరికి నెట్‌వర్క్ గ్రాఫు నిలువునా లేచి ఉంది. ముందే నోఅవుట్ అని ఒక జెండా పెట్టాలి, అంటే "వీడు ఊరెళ్ళాడు, చావలేదు, ఆగండి" అని. ఇప్పుడు నా కంప్యూటర్ స్క్రీన్ అంచుకి స్టిక్కర్ అంటించి ఉంది.

రెండోది ఇంకా విచిత్రం. ఒక రోజు ఓఎస్‌డీలు డౌన్ అవడం, మళ్ళీ లేవడం, మళ్ళీ డౌన్. లాగ్‌లో చూస్తే ఒక్కో ఓఎస్‌డీ లబోదిబోమంటోంది, "నన్ను తప్పుగా డౌన్ అని రాశారు" అని, ఆ మెసేజ్ నిజంగానే ఉంటుంది సెఫ్‌లో. బతికున్న ముసలాయన్ని రికార్డుల్లో చచ్చినట్టు రాస్తే పెన్షన్ ఆగి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడే, అచ్చం అలా. సగం రోజు వెతికితే తేలిందేంటంటే కొత్తగా వేసిన స్విచ్‌లో రెండు పోర్టులకి ఎంటీయూ, అంటే ఒకసారికి దాటగల ప్యాకెట్ సైజు, 9000 పెట్టడం మర్చిపోయాం, 1500 దగ్గరే ఉంది. మానిటర్‌కి వెళ్ళే చిన్న మాటలు బానే వెళ్తున్నాయి, "నేనున్నాను" అని. పక్క ఓఎస్‌డీలకి పంపే పలకరింపు మాత్రం కావాలనే 2000 బైట్లు ఉండేలా చేశారు సెఫ్ వాళ్ళు, సరిగ్గా ఇలాంటి స్విచ్ తప్పుల్ని పట్టుకోవడానికే, అది ఆ పోర్టు దాటలేకపోతోంది. పని అందరికీ పంచడం అంటే మాటలు పెరగడం, మాటలు పెరిగితే దారి బాగుండాలి. సెఫ్ సమస్య అని నా దగ్గరికొచ్చిన వాటిలో సగం కేబులూ స్విచ్చే.

నిండటం గురించి కూడా జాగ్రత్త. 85 శాతానికి వార్నింగ్, 90కి బ్యాక్‌ఫిల్ ఒప్పుకోదు, 95కి రాయడమే ఆపేస్తుంది. అయిదు సర్వర్లలో ఒకటి పోతే దాని బరువు నలుగురి మీద పడుతుంది, అంటే 70 శాతం దాటాక మీరు ఆల్రెడీ నిండిపోయినట్టే. మా మేనేజర్‌కి ఈ ముక్క ఇప్పటికీ ఎక్కలేదు.

ఆయన మాట తీసేయలేక పాత ఫైళ్ళకి ఇరేజర్ కోడింగ్ పెట్టా. ఇది ఎనిమిదోవాడి లెక్కకి పెద్దన్న, ఒక మొత్తం బదులు రెండు మూడు వేర్వేరు సమీకరణాలు దాచుకోవడం, రెండు తెలియనివి ఉంటే రెండు సమీకరణాలు కావాలని హైస్కూల్లో చేశాం కదా అంతే. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు రాసిన కోడు, గీతలు పడ్డ సీడీ పాడటానికీ, మూల చిరిగిన క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వడానికీ అదే కారణం. 4+2 పెడితే, అంటే నాలుగు డేటా ముక్కలకి రెండు సమీకరణాలు పెడితే, ఒకటిన్నర రెట్లే చోటు, ఏ రెండు పోయినా తట్టుకుంటుంది. కానీ దానికి ఆరు సర్వర్లు కావాలి, మాకు అయిదు. 3+2 సరిగ్గా సరిపోతుంది, ఆ సరిగ్గా సరిపోవడమే తప్పు, ఒక సర్వర్ పోతే అయిదో ముక్కకి కొత్త చోటే లేదు, ఒక డిస్కు పోతే ఆ బరువంతా అదే సర్వర్‌లో మిగతా అయిదింటి మీదే పడుతుంది, పంచుకోవడమనే లాభమే పోయింది. అందుకని 2+2. మూడు రెట్ల బదులు రెండు రెట్లు. మేనేజర్ సగం సంతోషం, నేను సగం సంతోషం.

కోడింగ్‌లో అసలు ఖర్చు బాగుచేసేటప్పుడు తెలుస్తుంది. కాపీ అయితే ఒక జీబీ పోతే ఒక జీబీ చదివితే చాలు, 8+4 కోడ్‌లో ఒక జీబీ పోతే ఎనిమిది జీబీలు నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకోవాలి. పని పంచాం గానీ పని పెరిగింది. దీని మీద చాలా బుర్రలు పనిచేశాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు అజూర్‌లో పన్నెండు ముక్కల్ని రెండు గుంపులు చేసి గుంపుకో చిన్న పారిటీ పెట్టుకున్నారు, ఒకటి పోతే పన్నెండు చదవక్కర్లేదు, ఆరు చాలు, చోటు ఖర్చు 1.33 రెట్లే. మన బెంగళూరు ఐఐఎస్‌సీలో విజయ్ కుమార్ గారి గ్రూపు ఇంకొందరితో కలిసి క్లే కోడ్స్ అని చేసింది, 2018లో పేపర్, 2019లో సెఫ్ నాటిలస్ వెర్షన్‌లోకి వచ్చేసింది. అందులో అదే 8+4కి మిగిలిన పదకొండు మందినీ తలా పావు ముక్క ఇమ్మంటుంది, మొత్తం 2.75 జీబీతో పని అయిపోతుంది, ఎనిమిది బదులు. చందా ఎక్కువ మంది దగ్గర వసూలు చేస్తే తలకి తక్కువ పడినట్టు. మా సైజుకి అది వాడే అవసరం రాలేదు గానీ మనవాళ్ళ పని ప్రపంచం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుందంటే నాకు కొంచెం గర్వమే.

ఇంకో పని కూడా డిస్కులే చేసుకుంటాయి, స్క్రబ్. రోజుకోసారి పైపైన, వారానికోసారి లోపల ప్రతి బైటూ చదివి సరిచూసుకునే అంకె, అంటే చెక్‌సమ్ సరిపోయిందా అని చూడటం. డిస్కు పోతే కనిపిస్తుంది, డిస్కు బతికుండి తప్పు బిట్ ఇస్తే కనిపించదు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ముగ్గురూ వారానికోసారి పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకుంటారు కాబట్టి ఇక్కడ పట్టుబడతాడు. మాకు రెండేళ్ళలో నాలుగు దొరికాయి.

అన్నట్టు ఇవన్నీ ఉన్నాయి కదా అని టేపు బ్యాకప్ ఆపలేదు. ఎవడన్నా తప్పు ఫైల్ డిలీట్ చేస్తే సెఫ్ చాలా నమ్మకంగా మూడు చోట్లా డిలీట్ చేస్తుంది. పూల్, అంటే డేటా పెట్టుకునే ఒక అర, మొత్తం చెరిపెయ్యాలంటే మాత్రం కమాండ్ చివర "యెస్-ఐ-రియల్లీ-రియల్లీ-మీన్-ఇట్" అని టైప్ చేయిస్తుంది, రెండుసార్లు రియల్లీ. మా జూనియర్ మొదటిసారి చూసి నేను జోక్ చేస్తున్నాననుకున్నాడు.

మొన్న సంక్రాంతికి మళ్ళీ ఊళ్ళోనే ఉన్నా. భోగి రాత్రి తొమ్మిదింటికి, అరుగు మీద బావతో కూర్చుని ఉండగా ఫోన్‌కి మెసేజ్. నాలుగో సర్వర్, అయిదో స్లాట్, డిస్కు డౌన్. మూడు శాతం చిల్లర డిగ్రేడెడ్, అంటే ఉండాల్సిన కాపీల్లో అంత తక్కువ. నా మొహం చూసి అమ్మ గుమ్మంలోంచే అడిగింది, "ఏంట్రా, మళ్ళీ వెళ్ళాలా?"

"లేదమ్మా."

పది నిమిషాలకి ఇంకో మెసేజ్, అవుట్ అని. బావ ఫోన్ తీసుకుని ఆ శాతం తగ్గుతుండటం కాసేపు చూశాడు, క్రికెట్ స్కోర్ చూసినట్టు. మూడు, రెండు పాయింట్ తొమ్మిది, రెండు పాయింట్ ఎనిమిది. "ఎవరు రాస్తున్నారు ఇదంతా?" అన్నాడు. మిగతా వాళ్ళందరూ బావా అన్నా. "తప్పు రాస్తే?" అన్నాడు, ఈయనతో ఇదే, అడగాల్సిందే అడుగుతాడు, స్క్రబ్ గురించి చెప్పేసరికి పదకొండైంది. నిద్ర లేచేసరికి హెల్త్ ఓకే.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ కూడా అయ్యాకే బయల్దేరా, చచ్చిన డిస్కు ఎర్ర లైటేసుకుని అప్పటిదాకా ఆ స్లాట్‌లోనే ఉంది. బస్సులో సీటు దొరకలేదు, అందరితో పాటు సూర్యాపేట దాకా నిలబడే వచ్చా.